బిళ్ళ పెట్టుకున్నంతసేపూ

మా ఆయన ఆరంభశూరుడు. ఈ మాట నేను కోపంతో అనడం లేదు. పెళ్ళైన కొత్తల్లో ఆయనే నవ్వుతూ తన గురించి చెప్పుకున్నారు. బీచ్‌రోడ్డులో పొద్దున్నే నడుస్తానని కొన్న బూట్లు మంచం కింద కొత్తవాసనతోనే ఉండిపోయాయి. జర్మన్ భాష పుస్తకం మొదటి పాఠం దాటలేదు. ముచ్చటపడి తెచ్చుకున్న కీబోర్డు మీద మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఆరిన బట్టలు మడతపెట్టి పెట్టేవారు. ఉగాదికో తీర్మానం, పుట్టినరోజుకో తీర్మానం. "రేపట్నించీ చూడు రత్నం, నేనేటో" అనేవారు. ఆ రేపు మా ఇంటి గడప తొక్కగా నేను చూడలేదు.

అలాంటి మనిషి, ఊళ్ళోవాళ్ళకి మంచి అలవాట్లు అంటించే యంత్రం తయారుచేయడమేమిటని నేను ఏడిపించేదాన్ని. తాను దూర కంత లేదు, మెడకో డోలు! ఆయన ఏమాత్రం ఉడుక్కునేవారు కాదు. "పంటినెప్పి ఉన్నవాడికే పన్ను గురించి ఎక్కువ తెలుస్తాది" అనేవారు.

ఆయన పేరు పైడిరాజు. విశాఖపట్నంలో కొండవాలు మీదున్న ఒక మెదడు పరిశోధనశాలలో పనిచేస్తారు. నేను భీమిలి దారిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆ యంత్రం సంగతి ఆయన నాకు వంటింట్లో, చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పారు.

"పొద్దున్న వెళ్ళేటప్పుడు వీధి తలుపు తాళం వేసేవా?"

"వేసే ఉంటాను."

"వేసినట్టు గుర్తుందా?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"అదీ సంగతి. చెయ్యి తాళం వేసీసింది. నువ్వు అక్కడ లేవు. రోజూ చేసీ పని కొన్నాళ్ళకి మనసులోంచి జారిపోయి మెదడు అడుగున ఓ గాడిలో పడతాది. ఇంక దానికి మన బద్ధకంతో, మన మూడ్‌తో పనిలేదు. మేం ఆ గాడిని ఒక్క పూటలో తవ్వుతున్నాం."

నెత్తిన ఒక టోపీ పెడతారు. ముందుగా ఒక గుర్తు ఎంచుకుంటారు. ఆ గుర్తు రాగానే కావలసిన పని చేయిస్తారు, మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. ఆ పూట గడిచాక ఆ గుర్తు ఎప్పుడు ఎదురైనా ఆ పని దానంతటదే జరిగిపోతుంది. షుగరు జబ్బున్న ఒక రిటైర్డు తాసిల్దారుకి ఇలాగే నడక అలవాటు చేశారు. చేతికర్ర కంటబడితే చాలు, ఆయన వీధిలో పడేవాడు. "నడిచినట్టు నాకు గుర్తుండదండీ, మోకాళ్ళు చెప్తే తెలుస్తుంది" అని ల్యాబుకొచ్చి నవ్వించేవాడు. అది చెప్పి మా ఆయన నవ్వుతుంటే నేనూ నవ్వాను. గుర్తుండదన్న ముక్కని మాలో ఎవరమూ పట్టించుకోలేదు. నడకని గుర్తుంచుకుని ఎవరికేం కావాలి?

అప్పటికి మా ఇందుకి రెండేళ్ళు దాటాయి. పుట్టు చెవుడు. నిద్రపోతున్న పిల్ల పక్కన కుక్కరు మూత పడ్డా కదలకపోతే మాకు అనుమానం వచ్చింది. ఆపరేషన్ చేయించాం. చర్మం కింద ఒక ముక్క, చెవి వెనక ఒక మిషను, ఆ మిషనునుంచి తీగతో వచ్చి అయస్కాంతంలా తలకి అతుక్కునే గుండ్రటి బిళ్ళ. బిళ్ళ ఉంటే వినిపిస్తుంది. తీస్తే పిల్లకి లోకమంతా మూగదే.

మాటలు నేర్పే వసుంధరగారు మొదటిరోజే కుండబద్దలు కొట్టారు. "డాక్టర్లు తలుపు తీశారంతే. మాటల్ని లోపలికి తీసుకెళ్ళాల్సింది మీరు. రోజూ కూర్చోవాలి. అయిదేళ్ళు వచ్చేలోగా మెదడుకి మాట పట్టాలమ్మా. తరవాత ఎంత మొత్తుకున్నా ఆ తలుపు బిగుసుకుపోతుంది."

పొద్దుటి పాఠం ఆయన వంతు, సాయంత్రానిది నాది అనుకున్నాం. పిల్ల సహకారం సున్నా. బిళ్ళ పెట్టగానే కొత్త చప్పుళ్ళకి బెదిరిపోయి పీకి పారేసేది. పాఠం జరిగినంతసేపు ఉంచుకుంటే అదే పదివేలు. నేను సాయంత్రం ఇంటికి చేరి, చెప్పులు విప్పి, అలాగే చాప మీద కూలబడేదాన్ని. మా ఆయన మొదటి వారం గొప్పగా కూర్చున్నారు. రెండోవారం ఒకరోజు ఫోనొచ్చింది, ఒకరోజు తలనెప్పి, ఒకరోజు ఊరికే. ఒక సాయంత్రం బొమ్మల కార్డులు తీస్తే వాటి రబ్బరుబ్యాండు నేను వేసిన మెలికతోనే ఉంది.

"ఏవండీ, వీటిని విప్పి ఎన్నాళ్ళయింది?"

ఆయన మంచం మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నారు. "బూట్లంటే బూట్లు, కీబోర్డంటే కీబోర్డు. కన్నకూతురి విషయంలో కూడానా రత్నం? నేనేం మనిషిని?" అన్నారు. నాకు జాలి వేసింది, ఒళ్ళు మండింది కూడా. రెండూ ఒకేసారి.

మర్నాడు ల్యాబులో తన టోపీ కింద తనే కూర్చుంటానన్నారు.

*

ల్యాబు పెద్ద భానోజీరావుగారు నెమ్మదస్తుడు. "గుర్తు విషయంలో జాగ్రత్త పైడిరాజూ. మనిషిని గుర్తుగా పెట్టకూడదు. పెడితే ఆ మనిషి ఎదురుపడినప్పుడల్లా గాడి లాగేస్తుంది" అన్నారు. అందుకని బిళ్ళ తలకి అతుక్కునేటప్పుడు వచ్చే టక్కుమన్న చప్పుణ్ణి ఎంచుకున్నారు. టక్కుమనగానే పాఠం మొదలవ్వాలి. పాఠం అవ్వగానే బిళ్ళ తీసెయ్యాలి. మళ్ళీ పెట్టాలి. ఆ పూటంతా అలాగే జరగాలి.

నేను ఇందుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదటిసారి బిళ్ళ పెట్టారు, తీశారు. రెండోసారికి పిల్ల గిలగిలలాడిపోయింది. మూడోసారికి ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెట్టింది. కుట్లు మానిన చోట ఎవరి చెయ్యి పడ్డా దానికి గిట్టదు. టోపీ కింద ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"సార్, ఒక్కసారి పెట్టీసి ఉంచీండి సార్. పసిపిల్ల. పాఠం మాత్రం మళ్ళీ మళ్ళీ నేను మొదలెడతాను. ఆ మొదటి చప్పుడు ఉంది కదా, చాలదేటి?"

భానోజీరావుగారు కాస్త తటపటాయించి, సరేనన్నారు. హమ్మయ్య అనుకున్నాను. అక్కడ ఏ తండ్రి ఉన్నా అదే అడిగేవాడు. ఆ తరవాత పూటంతా బిళ్ళ తీయకుండానే పాఠం సాగింది.

ఇంక చూడాలి మా ఆయన్ని! జ్వరం వచ్చినా పాఠం, కరెంటు పోయినా పాఠం. బిళ్ళ టక్కుమంటే చాలు, చాప మీద కూర్చుని "ఆ… ఊ… ఈ…" మొదలుపెట్టేవారు. వసుంధరగారు ఆయన్ని మెచ్చుకోవడానికి మాటలు చాలక ఇబ్బంది పడ్డారు. "ఏం చెప్పేనో నాకు తెలీదు గానీ గొంతు ఆరిపోయింది. అంటే పాఠం అయినట్టే" అని ఆయన మంచినీళ్ళు తాగుతూ నవ్వేవారు. నేను పైడితల్లమ్మకి మొక్కుకున్నాను, నా సంసారం గాడిన పడిందని.

తుపాను హెచ్చరిక వచ్చి బడికి సెలవిచ్చిన రోజున మొదటిసారి ఆ పొద్దుటి పాఠం నా కళ్ళతో చూశాను. వంటింట్లో ఉప్మా కలుపుతూ తొంగిచూశాను. ఆయన గొంతు బాగుంది. కార్డులు సరిగ్గా తీస్తున్నారు. చూపు మాత్రం, రోజూ వెళ్ళే దారిలో స్కూటరు నడిపే మనిషి రోడ్డుని చూసే చూపు. ఇందు ఆవు బొమ్మని పక్కకి తోసేసింది. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"నాన్నా."

ఆ మాట ఏ కార్డు మీదా లేదు. మేమెవరం నేర్పలేదు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"మంచిది" అన్నారు ఆయన. "ఇదేంటి? ఇది ఆవు. అంబా."

"నాన్నా." ఈసారి ఆయన మోకాలు తట్టింది.

"మంచిది. ఇదేంటి? ఇది కాకి. కావ్, కావ్."

పాఠం చివరిదాకా అలాగే సాగింది. అయ్యాక ఆయన అలవాటుగా బిళ్ళ తీసి, రెండుసార్లు రెప్పలార్చి, "ఏటి రత్నం, మాడువాసన?" అన్నారు. పొయ్యి మీద ఉప్మా మాడి బొగ్గైపోయింది. నేను జరిగింది చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మాక, గబగబా బిళ్ళ అందుకుని మళ్ళీ పిల్ల తలకి పెట్టారు. "అను తల్లీ. నాన్నా అను. ఒక్కసారి."

పిల్ల నోరు తెరిచేలోగానే ఆయన మొహం తుడిచేసిన పలకలా అయిపోయింది. చెయ్యి కార్డుల మీదకి పోయింది. "ఇదేంటి? ఇది ఆవు."

*

"మెదడు మనం చెప్పిన గుర్తు తీసుకోలేదమ్మా" అన్నారు భానోజీరావుగారు.  "చప్పుడు ఒక్క క్షణం. బిళ్ళ పూటంతా కళ్ళెదురుగా ఉంది. అది బిళ్ళనే పట్టుకుంది."

"చెరిపెయ్యండి సార్" అన్నాను.

ఆయన నన్ను ఎలుకల గదిలోకి తీసుకెళ్ళారు. ఒక బోను ఖాళీగా ఉంది. అందులో ఉన్న ఎలుకలకి గిన్నె చుట్టూ ఒక గాడి వేసి, తరవాత చెరిపేశారట. గాడితోపాటు గిన్నె కూడా వాటి బుర్రలోంచి పోయింది. నిండుగా తిండి ఉన్న గిన్నె పక్కనే పస్తులుండి చచ్చిపోయాయి. "పైడిరాజు విషయంలో ఆ గిన్నె ఎవరో నీకు నేను చెప్పాలా అమ్మా?" అన్నారాయన. నేను బయటికి వచ్చేశాను.

ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. పిల్ల ఏడుపు చూడలేకపోయిన తండ్రి మీద ఎలా అరుస్తాను? ఆ ఒక్క దయే మా కొంప ముంచింది.

అక్కడికీ అది రోజుకో పాఠమే కదా, పోనీలే అని సరిపెట్టుకున్నాం. అయితే పాఠాలు ఫలించాయి. ఇందుకి వినడంలో రుచి తెలిసింది. కాకి అరిస్తే కిటికీ దగ్గరికి పరిగెత్తేది. కుళాయిలో నీళ్ళ చప్పుడు వింటూ నిలబడిపోయేది. నెమ్మదిగా బిళ్ళ తీయనివ్వడం మానేసింది. లేవగానే పెట్టమని తల వంచేది, నిద్ర ముంచుకొచ్చేదాకా ఉంచుకునేది. ఏ తల్లిదండ్రులైనా పండగ చేసుకోవలసిన సంగతి. మా ఇంట్లో మాత్రం పిల్ల ఎంత వింటే తండ్రి అంత మాయమైపోయాడు. గుమ్మంలో అడుగుపెట్టి ఇందుని చూడగానే పాఠం. అది అవ్వగానే, బిళ్ళ ఎదురుగానే ఉంది కనక, మళ్ళీ పాఠం. నేను వెనకనుంచి జబ్బ పట్టుకుని లాగి వంటింట్లో పడేసి తలుపు వేసేదాన్ని. అక్కడే నిలబడి అన్నం తినేవారు. అవతల పిల్ల తలుపు కొడుతూ "నాన్నా, నాన్నా" అని పిలిచేది. ఆయన చెవులు మూసుకునేవారు.

జుట్టు పెంచి బిళ్ళని కప్పాం. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ కొన్నాళ్ళలో తండ్రీ కూతుళ్ళు నిజంగా మాట్లాడుకున్నారు. "నాన్నా, జామకాయ." "నాన్నా, రా." ఆయన ఆ రెండు ముక్కలకే పొంగిపోయి వీధివీధంతా చెప్పుకున్నారు. తరవాత ఒకనాడు, బిళ్ళ జుట్టు కింద కనబడకుండానే ఉన్నా, "నాన్నా" అని పిల్ల పిలవగానే ఆయన "మంచిది" అన్నారు.  మెదడు జుట్టుని కూడా దాటిపోయింది. పిల్ల వింటోందని తెలిస్తే చాలు, అదే గుర్తు. ఫోనులో పిల్ల పలకరించినా అవతలనుంచి "ఆ… ఊ… ఈ…" వినిపించేది. నేను తీసిన పిల్ల వీడియోలు చూపించినా పాఠమే మొదలయ్యేది.

పిల్ల వింటున్నంతసేపూ ఆయన ఉండరు. ఆయన ఉండాలంటే పిల్ల వినకూడదు. లెక్కల టీచర్ని, ఎన్ని రకాలుగా వేసి చూసినా ఆ లెక్క అంతే వచ్చింది.

*

ఈ సంగతి పెద్దవాళ్ళం మేం ఏడుస్తూ తెలుసుకున్నాం. ఇందు ఆడుతూ తెలుసుకుంది.

స్నానానికి బిళ్ళ తీసి అలమరలో పెట్టాను. ఆయన తువ్వాలు పట్టుకుని వచ్చి పిల్లని చుట్టేసి పొట్టలో గిలిగింతలు పెట్టారు. అది విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, అలమరలోని బిళ్ళని చూసింది, తండ్రి మొహం చూసింది, మళ్ళీ బిళ్ళని చూసింది. నేను దాని జుట్టు తుడుస్తూ ఆ చూపులు గమనించాను. 

ఆ సాయంత్రం నుంచి వీధిలో స్కూటరు చప్పుడు వినబడగానే ఇందు బిళ్ళ పీకి నా చేతిలో పెట్టి గుమ్మంలోకి పరిగెత్తేది. ఆయన వంగి ఎత్తుకునేవారు. వీపు మీద ఏనుగు అంబారీ, గోడ మీద చేతి నీడలతో కుందేళ్ళు, ఒకళ్ళ ముక్కు ఒకళ్ళు పట్టుకోవడం. ఒక్క మాట లేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అంత సంతోషంగా ఉండడం నేను చూడలేదు. చూసి నాకు అసూయ వేసింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది.

భయపడినట్టే అయింది. ముందు సాయంత్రాలు పోయాయి, తరవాత పొద్దుటి పూటలు పోయాయి. నాన్న ఇంట్లో ఉంటే బిళ్ళ ముట్టుకోనిచ్చేది కాదు. బలవంతంగా పెడితే పీకి మంచం కిందకి విసిరేసేది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే అరిగిపోవడం మొదలెట్టాయి. జామకాయ "ఆయ" అయింది. కాకి "ఆఇ" అయింది. వసుంధరగారు పరీక్ష చేసి పెన్ను బల్ల మీద పడేశారు. "ఏం చేస్తున్నారమ్మా ఇంట్లో? నాలుగో ఏడు నడుస్తోంది. ఇలాగే సాగితే ఈ పిల్లకి మాట రాదు. ఇంక ఎప్పటికీ రాదు."

ఆ మాట ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. పిల్ల ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఒళ్ళో కూర్చుని ఉంది. దాని తల మీద బిళ్ళ లేదు.

"నేనుంటే ఇది వినదు రత్నం" అన్నారు. "పోతాను."

"ఎక్కడికి పోతారు? మతుండే మాట్లాడుతున్నారా?"

"ల్యాబు దగ్గర క్వార్టర్సు ఖాళీగా ఉంది. ఆదివారం పూట వస్తాను. వారమంతా ఇది బిళ్ళ పెట్టుకోవాలి. ఇంక మరో దారి ఏటుంది, నువ్వు చెప్పు."

 తిట్టాను, ఏడ్చాను, ఆయన చొక్కా పట్టుకుని కుదిపాను. ఆఖరికి పెట్టె సర్దింది నేనే. ఏ తీర్మానమూ వారం నిలబెట్టుకోలేని మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం ఏ టోపీ అవసరం లేకుండా కట్టుబడ్డారు.

వారమంతా నేనూ ఇందూ, ఇద్దరమే. బిళ్ళ ఉంచుకుంది. మాటలు తిరిగొచ్చాయి, కొత్తవి వచ్చాయి. ఆదివారం ఆయన వచ్చేవారు. ఆ రోజు ఇల్లంతా చప్పుడు లేని తిరనాళ్ళు. ఆయన వెళ్ళిపోయాక ఇందు గుమ్మంలో కూర్చుని బిళ్ళ పెట్టనిచ్చేది కాదు, పెడితే నాన్న ఇంక రాడని దాని భయం. సోమవారం పోయేది. మంగళవారం పోయేది. శుక్రవారం నుంచే ఆదివారం కోసం తీసేసి కూర్చునేది. వారంలో దానికి లోకం వినిపించే రోజులు నా కళ్ళముందే తరిగిపోయాయి.

"ఆ ఆదివారం కూడా ఆపించండి" అన్నారు వసుంధరగారు. ఈసారి కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని చెప్పారు.

ఆయనకి ఫోన్ చేశాను. ఇందు దూరంగా పెరట్లో ఆడుకుంటోంది. వసుంధరగారి మాట చెప్పాను. 

"దానికి నువ్వే చెప్పాలి రత్నం" అన్నారు. "నేను చెప్పడానికి లేదు. నేను చెప్పగలిగినప్పుడు దానికి వినబడదు. దానికి వినబడినప్పుడు నేను చెప్పలేను."

శనివారం పొద్దున్న ఇందుకి జడ వేస్తున్నాను. ముందురోజు ఎలాగో బతిమాలి బిళ్ళ తీయకుండా ఆపాను. అద్దంలోంచి నన్ను చూస్తూ, చెయ్యి బిళ్ళ మీద పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అడిగింది.

"అమ్మా, ఇది తీసేస్తే నాన్న వస్తాడా?"

అంత పొడుగు వాక్యం అది ఎప్పుడూ అనలేదు. ఒక్క అక్షరం కూడా జారలేదు. ఆ వాక్యం కోసమే కదా మా ఇద్దరి బతుకులూ ఇలా అయ్యాయి. ఎత్తుకుని ముద్దుపెట్టుకోవలసిన వేళ. దాని వేళ్ళు అప్పటికే బిళ్ళ అంచుని పట్టుకున్నాయి. అది తీసేలోగా నేను జవాబు చెప్పాలి.

"రాడమ్మా" అన్నాను. "తీసినా రాడు."

 ఆ మాట ఇందుకి ఒక్కసారికే వినబడింది. చెయ్యి కిందికి దించేసింది. మళ్ళీ చెప్పమని అడగలేదు.